చంకలో బిడ్డతో గ్రంథాలయానికి

1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 'బుక్‌స్టార్ట్' మొదలైంది. నెలల బిడ్డకు ఆరోగ్య పరీక్ష జరిగే చోటే తల్లికి ఒక సంచి ఇచ్చారు. అందులో బొమ్మల పుస్తకం, గ్రంథాలయానికి ఆహ్వానం. తొలి విడతలో 300 మంది పసివాళ్ళు. మాటలు రాని బిడ్డకు పుస్తకమేమిటని నవ్వడం తేలిక. కానీ చూపించి చెప్పే మాటల్లోంచే బిడ్డకు భాష వస్తుంది. చదువు రాని తల్లి కూడా బొమ్మ చూపి కథ చెప్పగలదు.

పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్ళడం మనకు కొత్త కాదు. 1935లోనే కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిచింది. మరి ఇవాళ మన శాఖా గ్రంథాలయంలోకి తొంగిచూడండి. పేపరు చదివే మగవాళ్ళు, పోటీ పరీక్షల కుర్రాళ్ళు. బిడ్డనెత్తుకొచ్చిన స్త్రీ కూర్చోవడానికి చాపయినా ఉందా? ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఆమె ఇల్లూ కడుతోంది.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. 'బిడ్డకు చదివి వినిపించు' అన్నది తల్లి నెత్తిన మరో చాకిరీ కాకూడదు. కూలికెళ్ళొచ్చి, నీళ్ళు మోసి, వండి పెట్టిన మనిషికి ఆ పావుగంట ఎక్కడిది? తండ్రికీ ఒడి ఉంది. అంగన్‌వాడీలకు బొమ్మల పుస్తకాలు గ్రంథాలయ నిధుల నుంచే రావాలి. అంతేగాని కార్యకర్తకు ఇంకో రిజిస్టరు కాదు.

మీ పంచాయతీ వసూలు చేసిన గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరిందా, అందులో పసిపిల్లల పుస్తకాలకు ఎంత ఖర్చు పెట్టారు? అడిగి మాకు రాయండి.