వృద్ధాశ్రమాలకు వచ్చిపోయేవాళ్లను చెక్ చేసేదెవరు?

నర్సీపట్నం: కటింగ్ చేసే బార్బర్, కాళ్లకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్ట్, రక్తం శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్ కుర్రాడు.. వృద్ధాశ్రమాలకు ఇలా ఎవరో ఒకరు బయటి నుంచి వస్తూనే ఉంటారు. వీళ్లు ఆశ్రమం స్టాఫ్ కాదు, సొంతంగా పని చేసుకునేవాళ్లు. మరి వీళ్ల బ్యాక్‌గ్రౌండ్ చూసేదెవరు?

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం గురించి చెప్పింది. పెద్దల ప్రాణానికి, ఆస్తికి రక్షణ గురించీ చెప్పింది. లోపలికి వచ్చేవాళ్లకు పోలీస్ వెరిఫికేషన్ ఉండాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.

2019 డిసెంబర్‌లో లోక్‌సభ ముందుకు సవరణ బిల్లు వచ్చింది. ఇళ్లకు వెళ్లి పెద్దలకు సేవలందించే సంస్థలు, పోలీసులు వెరిఫై చేసినవాళ్లనే పనిలో పెట్టుకోవాలని అందులో ఉంది. 2024లో లోక్‌సభ రద్దుతో అదీ మురిగిపోయింది. నిజానికి పాసైనా, ఆశ్రమానికి సొంతంగా వచ్చే బార్బర్‌కు ఆ రూల్ వర్తించేది కాదు. అది సంస్థల స్టాఫ్‌కే!

నర్సీపట్నం లాంటి ఊళ్లలో ‘తెలిసినోడేలే’ అన్న మాటే సర్టిఫికెట్. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. కానీ మంచం దిగలేని, మతిమరుపు ఉన్న పెద్దావిడ చెవిదిద్దులు పోతే? ఎవరు తీశారో ఆవిడ చెప్పగలదా?

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెమ్మని నిర్వాహకులే అడగొచ్చు. అది కుదరకపోతే ఆధార్ కాపీ, గేటు దగ్గర రిజిస్టర్, పని అయ్యేదాకా పక్కన స్టాఫ్ ఒకరు.. వీటికి పెద్ద ఖర్చేం లేదు. ఆశ్రమంలో అమ్మానాన్నలున్నవాళ్లు ఈ మూడూ ఉన్నాయా అని అడగాలి. అనుమానం వస్తే ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.