మోటారు కాలితే తప్పు రైతుదేనా? లెక్క చూసి మాట్లాడండి!



బోరు మోటారు కాలిందని కరెంటు ఆఫీసుకు వెళ్తే మనకు దొరికే జవాబు ఒకటే. "నాసిరకం మోటార్లు కొంటారు, ఆటో స్టార్టర్లు బిగిస్తారు, కాలక ఏమవుతాయి?" అని. తప్పంతా రైతు నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటారు. రీవైండింగ్ ఖర్చు మనది. మోటారు పైకి తీసి మళ్లీ దించే కూలి మనది. ఆలోగా ఎండిన పంట మనది. అసలు తప్పెవరిదో లెక్క వేసి తేల్చుకుందాం. దీనికి ఇంజినీరింగు చదవక్కర్లేదు, పదో తరగతి సైన్సు చాలు.

వోల్టేజీ అంటే కరెంటును నెట్టే ఒత్తిడి. ఆంప్స్ అంటే తీగలో పారే కరెంటు. రెసిస్టెన్స్ అంటే దానికి తీగ చెప్పే అడ్డు. సన్న పైపులో దూరం పోయేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గినట్టే సన్న తీగలో వోల్టేజీ తగ్గుతుంది. వోల్టేజీని ఆంప్స్‌తో భాగిస్తే తీగ రెసిస్టెన్స్ ఓమ్‌లలో వస్తుంది. రెంటినీ గుణిస్తే పవర్ వాట్లలో వస్తుంది. త్రీ ఫేజ్ మోటారుకైతే ఆ వచ్చినదాన్ని 1.732తోనూ, పవర్ ఫ్యాక్టర్‌తోనూ గుణించాలి. అంతే లెక్క.

ఇప్పుడు మన 5 హెచ్‌పీ మోటారు సంగతి చూడండి. ఒక హెచ్‌పీ 746 వాట్లు. ఐదుకు 3,730. మోటారులో పోయే నష్టం కలుపుకుంటే లైను నుంచి సుమారు 4,400 వాట్లు లాగుతుంది. 415 వోల్టులు వస్తే, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే, అది తీసుకునే కరెంటు 7.2 ఆంప్స్.

అదే లైనులో 300 వోల్టులే వచ్చాయనుకోండి. బల్బయితే మసకబారి ఊరుకుంటుంది, కరెంటు కూడా తక్కువే తీసుకుంటుంది. మోటారు అలా ఊరుకోదు. బోరులోంచి నీళ్లు ఎత్తాల్సిన బరువు తగ్గదు కాబట్టి, తగ్గిన వోల్టేజీకి బదులు కరెంటు ఎక్కువ లాగుతుంది. అదే 4,400 వాట్లకు 300 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ కావాలి.

7.2 నుంచి 10కి పెరిగితే పెద్ద తేడా ఏముంది అనుకోకండి. వైండింగ్‌లో పుట్టే వేడి ఆంప్స్‌ను ఆంప్స్‌తోనే గుణించి, దాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే వస్తుంది. ఒక్కో ఫేజు వైండింగ్ 3 ఓమ్‌లు అనుకుంటే, 7.2 ఆంప్స్ దగ్గర మూడు ఫేజుల్లో కలిపి 467 వాట్ల వేడి. 10 ఆంప్స్ దగ్గర 900 వాట్లు. దాదాపు రెట్టింపు! ఈ వేడికి వైండింగ్ కాలకుండా ఉంటుందా?

మరి ఆ 300 వోల్టులు ఎందుకొచ్చాయి? అదీ లెక్కలోనే ఉంది. సన్న అల్యూమినియం తీగ కిలోమీటరుకు సుమారు ఒక ఓమ్ అడ్డు చెబుతుంది. లైను చివర 10 మోటార్లున్నాయి, ఒక్కోటి 7 ఆంప్స్ తీసుకుంటే మొత్తం 70. అంటే ఫేజుకు 70 వోల్టులు దారిలోనే మాయం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫేజుకు 240 ఉంటే చివరి బోరుకు 170 మిగులుతుంది. ఫేజుల మధ్య చూస్తే 294 వోల్టులు. మూడు తీగల్లో కలిపి 14,700 వాట్లు వేడిగా గాలిలో కలుస్తున్నాయి. మూడు మోటార్లు ఆడే కరెంటు అది! ఈ తీగ ఎవరు వేశారు? రైతా? ఇంత దూరం లాగింది ఎవరు?

ట్రాన్స్‌ఫార్మరు లెక్క కూడా వేయండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వగలిగింది 35 ఆంప్స్. అంటే ఐదు మోటార్లు. ఆరోది, ఏడోది కూడా దానికే తగిలిస్తే మోటారు కాలినా, ట్రాన్స్‌ఫార్మరు కాలినా బాధ్యత ఎవరిది?

ఆటో స్టార్టర్ సంగతీ అంతే. స్టార్టయ్యేటప్పుడు మోటారు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. అన్నీ ఒక్కసారి లేస్తే లైను కుంగుతుంది, నిజమే. కానీ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు రైతు ఆటో పెట్టక రాత్రంతా స్టార్టరు దగ్గర పడుకోవాలా? పగటిపూట కచ్చితమైన వేళకు ఇవ్వండి, ఆటోలు మేమే తీసేస్తాం.

చట్టం మన పక్షానే ఉంది. ఎల్టీ లైనులో వోల్టేజీ తేడా 6 శాతం మించకూడదని 1956 విద్యుత్ నియమాల్లోనే రాశారు. 415కు ఆ లెక్కన 390 తగ్గకూడదు. సేవా ప్రమాణాలు పాటించకపోతే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. 300 వోల్టులిచ్చి చట్టం మాట్లాడేవాళ్లు ఈ సెక్షన్ ఎందుకు చదవరు?

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద పోరాడినవాళ్లపై కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో వచ్చిన ఉచిత కరెంటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మోటార్లకు మీటర్లు, ఖాతాల్లో డబ్బు అన్నారు. రైతు వాడకాన్ని లెక్కించే తొందర ఉంది కానీ, రైతుకు ఇచ్చే వోల్టేజీని లెక్కించే తొందర ఎవరికీ లేదు. మీటరు పెట్టాల్సింది మా మోటారుకు కాదు, ముందు మీ ట్రాన్స్‌ఫార్మరుకు పెట్టండి!

మనం చేయాల్సిన పని కూడా ఉంది. ప్రతి గ్రామ శాఖలో ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ తేదీ, వేళ, స్టార్టరు డబ్బా మీటర్లలో కనిపించే వోల్టులు, ఆంప్స్ రాయండి. మీటర్లు పనిచేయకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. తడి చేతులతో డబ్బా తెరవద్దు. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పవుతోందని సెట్టింగు పెంచకండి, అది మోటారును కాపాడేదే. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకోండి. లైను మీద బరువు తగ్గుతుంది, వాళ్లకు మాట అనే సందూ ఉండదు.

నెల రోజుల లెక్కతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు అర్జీ పెడదాం. ఒక్కరుగా కాదు, లైను మొత్తం సంతకాలతో.

మన డిమాండ్లు:

• చివరి బోరు దగ్గర 390 వోల్టులకు తగ్గకూడదు.

• లోడు మించిన ప్రతి ట్రాన్స్‌ఫార్మరు పక్కన అదనంగా మరొకటి పెట్టాలి, సన్న తీగలు మార్చాలి.

• లో వోల్టేజీతో కాలిన మోటారుకు రీవైండింగ్ ఖర్చు డిస్కం భరించాలి.

లెక్క మన చేతిలో ఉంటే అధికారి నోరు మూతపడుతుంది. పుస్తకం తీయండి, రాయడం మొదలుపెట్టండి!