ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు రోబో కిట్: సెన్సర్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

ఫోన్ కొనేముందు మనం ర్యామ్, ప్రాసెసర్, బ్యాటరీ అన్నీ చూస్తాం. పిల్లలకు రోబో కిట్ కొనేటప్పుడూ అదే అలవాటు. ఎన్ని సెన్సర్లు, ఎన్ని మోటార్లు, ఎన్ని ప్రాజెక్టులు? కానీ ఆ పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉంటే, నా దృష్టిలో ముందు చూడాల్సిన స్పెక్ ఒక్కటే: బాక్స్ తెరిచాక మొదటి లైట్ వెలగడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?

ఎందుకంటే, ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ అస్సలు లేకపోవడం కాదు. నచ్చిన పనిలో గంటసేపు మునిగిపోయే పిల్లలే, ఫలితం ఆలస్యంగా వచ్చే పనిలో రెండు నిమిషాలు నిలవలేరు. వరుసగా నాలుగు పనులు చెబితే, మూడోది వినేసరికి మొదటిది మర్చిపోతారు. అది బద్ధకం కాదు, మొండితనమూ కాదు.

ఇప్పుడు కిట్ల సంగతి. ఆర్డుయినో అంటే నాకు చాలా ఇష్టం. కానీ మొదటిరోజే బ్రెడ్‌బోర్డుతో మొదలుపెడితే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయాలి, పోర్టు సెలెక్ట్ చేయాలి, రెసిస్టర్, వైర్లు గుచ్చాలి. ఒక్క వైరు లూజైతే తప్పు కోడ్‌లో ఉందో, వైరింగ్‌లో ఉందో పెద్దవాళ్లకే తెలియదు. అదే 2016లో వచ్చిన బీబీసీ మైక్రోబిట్‌లో 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, కదలికను పట్టే సెన్సర్ బోర్డు మీదే ఉంటాయి. బ్రౌజర్‌లో బ్లాకులు పేర్చి, యూఎస్‌బీతో పంపిస్తే హార్ట్ బొమ్మ వెలుగుతుంది. నా వీకెండ్ క్లాసుల్లో దీంతోనే మొదలుపెడతాను. డబ్బు పెట్టకుండా ముందు ట్రై చేయాలంటే, ఎంఐటీలో పుట్టిన స్క్రాచ్ పూర్తిగా ఉచితం.

కిట్ ఒక్కటే చాలదు, చెప్పే పద్ధతీ మారాలి. ఒకసారికి ఒక్క స్టెప్పే చెప్పండి. అది కార్డు మీద రాసి ఎదురుగా పెట్టండి. లేచి తిరగనివ్వండి. 1967లో లోగో భాషను తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్, పిల్లలు తామే తాబేలు అనుకుని నడిచి చూస్తే ప్రోగ్రామ్ అర్థమవుతుందన్నారు. నాలుగు అడుగులు ముందుకు, కుడికి తిరుగు, ఇలా నాలుగుసార్లు చేస్తే చతురస్రం. చెబితే ఎక్కని లూప్, నడిస్తే ఎక్కేస్తుంది!

ఇంకో మాట. ‘మూడు నెలల్లో ఏకాగ్రత గ్యారంటీ’ అనే కోర్సులకు దూరంగా ఉండండి. రోబోటిక్స్ చికిత్స కాదు. డాక్టర్ చెప్పిన థెరపీ, మందులు ఆపేసి వేల రూపాయల కిట్ కొనడం తెలివైన పని కాదు. అలాగే ‘హోంవర్క్ చేస్తేనే రోబో’ అనే షరతు కూడా నాకు నచ్చదు. స్కూల్లో రోజంతా ‘కుదురుగా కూర్చో’ అని తిట్లు తినే పిల్లాడికి, తప్పు చేసినా తిట్టకుండా మళ్లీ ట్రై చేయనిచ్చేది ఆ బోర్డు ఒక్కటే కావచ్చు. దాన్నీ శిక్షగా మార్చేస్తే వాడికి ఇంకేం మిగులుతుంది?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి తమ్ముడో చెల్లో ఉంటే, ఈ ఆదివారం ఓ ఇరవై నిమిషాలు పక్కన కూర్చోండి. మౌస్ మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి.