బంతికి దారం కట్టకండి

పోయిన నెల డాలస్ నుంచి నా పాత కొలీగ్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఇద్దరం పక్కపక్క సీట్లలో కూచుని రాత్రిళ్ళు ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళం. ఇప్పుడు వాడికి అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, వాళ్ళ చర్చిలో యూత్ బాధ్యత ఉన్నాయి. "మామా, మీది దేవరయాంజాల్ కదా? మా చర్చి తరఫున అక్కడ స్పోర్ట్స్ మినిస్ట్రీ మొదలెడదామనుకుంటున్నాం. పదిహేనుమందిమి వస్తాం, రెండు వారాలు. పొద్దున ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కోచింగు, హాఫ్ టైంలో పది నిమిషాలు వాక్యం, చివర్రోజు పిల్లలందరికీ షూస్. లోకల్‌గా నువ్వు కొంచెం చూస్కో" అన్నాడు.

వద్దన్నాను. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను.

ముందే చెప్తున్నా, ఇది "మిషనరీలొస్తున్నారు, జాగ్రత్త" టైపు గోల కాదు. నేను గుడికి అప్పుడప్పుడూ, చర్చికి పెళ్ళిళ్ళకీ వెళ్ళే మనిషిని. ఐనా ఆ గోల చేసేవాళ్ళు సాయంత్రం వాలీబాల్ ఆడేప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో, రెండూ అమెరికాలో వై.ఎం.సి.ఏ. వాళ్ళ జిమ్ముల్లో పుట్టిన ఆటలే. హారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కాలేజీ పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన మన జట్టుకి మేనేజరు కూడా ఆయనే. మన డ్రిల్లు మాస్టార్ల చదువుకి ఈ దేశంలో పునాది వేసినవాళ్ళలో ఆయనొకడు. కాబట్టి చర్చి వాళ్ళు ఆటలు నేర్పడమే తప్పు అంటే నేనొప్పుకోను.

ఐతే బక్ ఏం చేశాడు? ఇరవయ్యేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాడు. తను లేకపోయినా ఆట నేర్పగలిగే ఇక్కడి మాస్టార్లని తయారుచేశాడు. రెండు వారాల్లో ఎవరూ ఫుట్‌బాల్ నేర్చుకోలేరు. రెండు వారాల్లో పూర్తయ్యేవి ఫొటోలు మాత్రమే. పదిహేను మంది విమాన టికెట్ల ఖర్చుతో ఇక్కడ ఒక కోచ్‌కి ఎన్నేళ్ళు జీతమివ్వొచ్చో వాడే లెక్కేసుకోవాలి, ఎస్టిమేషన్లు వాడికి బాగా వచ్చు :)

ఇహ ఆ పది నిమిషాల సంగతి. నాకు అసలు మంట అక్కడే. పెద్దవాళ్ళకి చెప్పుకోండి, నచ్చితే వింటారు, లేకపోతే లేచిపోతారు. పన్నెండేళ్ళ పిల్లాడు ఎక్కడికి లేచిపోతాడు? బంతి మీ దగ్గరుంది, చివర్రోజు షూస్ మీ దగ్గరున్నాయి. "ఎవర్నీ బలవంతపెట్టం, ఇష్టమున్నవాళ్ళే కూచుంటారు" అన్నాడు వాడు. బాబూ, షూస్ ఇచ్చే అన్న కళ్ళముందు లేచి పక్కకెళ్ళే పిల్లాడు ఎవడైనా ఉంటాడా? ఆటకి దారం కట్టి లాగితే అది ఆట కాదు, ఎర. ఆట మంచిదని నమ్మితే ఆటే ఇవ్వండి. వాక్యం గొప్పదని నమ్మితే బంతి చాటున దాచకుండా ఆదివారం గుడారం వేసి, తల్లిదండ్రులు కూడా వినేట్టు చెప్పండి. నా దృష్టిలో ఆ రెండోదే నిజాయితీ.

రూల్సు కూడా వాడు చూసుకున్నట్టు లేదు. ఓసీఐ కార్డున్నవాళ్ళు మిషనరీ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మిగతా అమెరికన్లు టూరిస్టు వీసా మీద వచ్చి ఈ పని చెయ్యకూడదు. డబ్బు సంగతీ అంతే. ఇండియా పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసేవాడు తన సేవింగ్స్ బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మారిందా, మనవాడే ఐనా విదేశీ విరాళమే. చిక్కొస్తే వీళ్ళు ఫ్లైటెక్కుతారు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది ఇక్కడి పాస్టరూ, గ్రౌండిచ్చిన స్కూలాయనా.

వాడికి జవాబు వాడి సొంత ఇంట్లోనే ఉంది. వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు, వై.ఎం.సి.ఏ. సెక్రటరీగా పనిచేశాడు. మిషనరీగా మన డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా మన మధ్యే ఉన్నాడు. 1910లో ఎడిన్‌బరోలో, ప్రపంచం నలుమూలల్నుంచి వచ్చిన మిషనరీల ఎదుటే నిలబడి, మీరు దానాలూ త్యాగాలూ చాలా చేశారు, మాక్కావలసింది స్నేహం అన్న అర్థంలో మాట్లాడాడు. వందేళ్ళు దాటినా డాలస్‌కి ఆ మాట ఇంకా చేరినట్టు లేదు.

ఇంకొకాయన విన్సెంట్ ఫెర్రర్. 1952లో స్పెయిన్ నుంచి జెసూట్ మిషనరీగా వచ్చాడు, 1969లో అనంతపురం చేరాడు, ఆ తర్వాత జెసూట్ సంఘం నుంచే బయటికొచ్చేశాడు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ అనంతపురంలో కట్టిన మైదానాల్లో పల్లెటూరి పిల్లలు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ ఆడుతున్నారు. 2010లో నాదల్ ఫౌండేషన్‌తో కలిసి టెన్నిస్ స్కూలు పెట్టారు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగింది అక్కడే. 2025లో ఆ సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్‌కి ఇబ్బందొస్తే అనంతపురం జనం వాళ్ళకోసం రోడ్డెక్కారు. రెండు వారాల క్యాంపుకోసం అలా ఎవరైనా వస్తారా?

ఇంతా రాశాక మావాళ్ళని వదిలేస్తే అన్యాయం. మా ఊళ్ళో సీతారామచంద్రస్వామి గుడి పేర సుమారు 1,500 ఎకరాలున్నాయంటారు. ఆ భూముల గొడవ మీద 2021లో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్‌లతో కమిటీ కూడా వేసింది. ఎవరి పట్టా అసలుదో, ఎవరిది కాదో తేల్చేవాణ్ణి నేను కాదు. నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు మేం ఇటుకలు వికెట్లుగా పెట్టి ఆడిన జాగాలో ఇప్పుడు గోదాము షట్టరుంది. కూతవేటు దూరంలో హకీంపేట స్పోర్ట్స్ స్కూలుంది కానీ అందులో సీటు కావాలంటే సెలెక్షన్‌లో నెగ్గాలి, ఊరికే సాయంత్రం ఆడుకునే పిల్లాడికి కాదది. మనలాంటి ఐటీ వాళ్ళం చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీల్లో విల్లాలు కొని, క్లబ్ హౌస్‌లో షటిల్ కోర్టు బుక్ చేసుకుంటాం, బయటి పిల్లలు లోపలికి రాకుండా సెక్యూరిటీని పెడతాం. తర్వాత వాట్సాప్ గ్రూపులో మతమార్పిళ్ళ మీద ఫార్వర్డులు. మనం మూసిన గ్రౌండు దగ్గరికే కదా వాడు బంతి పట్టుకొస్తోంది? మొన్న మా మేనల్లుడు అడిగాడు, "మామా, గా డాలస్ అన్నలొస్తే నిజంగ గ్రౌండ్ చేస్తరా?" అని. వాడికి వాక్యంతో పన్లేదు, భజనతోనూ పన్లేదు.

అందుకని మావాడికి నిన్న మెయిల్ పెట్టాను. మీరు రావద్దు. మీ చర్చిలో ఇండియా పాస్‌పోర్టున్న నలుగురైదుగురు కలిసి మూడేళ్ళపాటు ఒక ఫుట్‌బాల్ కోచ్ జీతం ఇవ్వండి, నేనూ సగం వేస్తాను. స్థలం అద్దెకి నేను వెతుకుతాను. బ్యానర్ మీద చర్చి పేరుండదు, గుడి పేరుండదు, నా పేరూ ఉండదు. హాఫ్ టైంలో పిల్లలు నీళ్ళు తాగుతారు.

ఇంకా రిప్లై రాలేదు. మా కమ్యూనిటీ గ్రూపులో కూడా ఇదే అడిగాను, అక్కడ ఇద్దరు థంబ్సప్ బొమ్మ పెట్టారు, అంతే.