డాప్లర్ చీటీ అల్మారాలో ఉండిపోకూడదు

బొల్లారం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనిచేసే సోదర సోదరీమణులలో చాలామంది షిఫ్టు పొడవునా నిలబడే ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి పిక్కల మీద నాళాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బుతాయి, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. మన ఇళ్లలో దీనిని ‘నరాలు ఉబ్బడం’ అంటారు. నిజానికి అవి నరాలు కావు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. తీరా వైద్యులు డాప్లర్ పరీక్షకు చీటీ రాసిస్తే, అది నెలల తరబడి అల్మారాలోనే ఉండిపోతుంది. ఒకరికి ఆ రోజు వేతనం పోతుందన్న దిగులు, మరొకరికి కాలు తొడ వరకు చూపించాలన్న బిడియం.

డాప్లర్ కూడా అల్ట్రాసౌండ్ పరీక్షే. కదిలే వస్తువు నుండి వచ్చే తరంగాలలో కలిగే మార్పును 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ వివరించారు. ఆ సూత్రంతోనే రక్తం ఎటు, ఎంత వేగంగా ప్రవహిస్తున్నదో తెలుస్తుంది. ఇందులో సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. సాధారణంగా అర్ధగంట నుండి గంటలోపు పూర్తవుతుంది.

పరీక్ష ఏ భాగానికో ముందుగా అడిగి తెలుసుకోవాలి. కాళ్లకు, మెడకు అయితే పరగడుపున ఉండనవసరం లేదు. పొట్టలోని నాళాలకు, మూత్రపిండాల నాళాలకు అయితే సాధారణంగా 6 నుండి 8 గంటలు ఏమీ తినవద్దంటారు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు ఆ ఉదయం మందు సంగతి వైద్యులను అడిగి తీరాలి. రక్తం పలుచబడే మందులను ఎవరూ తమంతట తాము ఆపకూడదు. ధమనుల పరీక్షకు వెళ్లే ముందు కొన్ని గంటలపాటు బీడీ, సిగరెట్ ముట్టకూడదు. పొగాకు నాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. (ఆ కొన్ని గంటలు మానగలిగినవారు పూర్తిగా ఎందుకు మానలేరన్నది మా ప్రశ్న!)

ఇక బిడియం విషయం. సిరల పరీక్షలో గజ్జల నుండి చీలమండ వరకు చూస్తారు, కొంతసేపు నిలబెట్టి పిక్కను నొక్కుతారు. కాబట్టి సల్వార్ పైకి మడిస్తే సరిపోదు. ఇంటి నుండి వదులైన లుంగీ లేదా దుప్పటి తీసుకువెళితే, చూస్తున్న భాగం తప్ప మిగతాదంతా కప్పి ఉంచవచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మహిళా వైద్యురాలు ఏ రోజు ఉంటారో అడగడంలో సంకోచం అక్కరలేదు. ఆమె దొరకని పక్షంలో భర్తనో, తల్లినో, అక్కనో వెంట ఉంచుకుని, అవసరమైన మేరకే చూపించి పరీక్ష చేయించుకోవడానికి షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తదితర స్త్రీలు యుద్ధాలలో గాయపడిన పురుషులకు సేవచేసిన సంగతి సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించగా, సిగ్గు పేరుతో వ్యాధిని ముదరబెట్టుకోవడం ధార్మికత అనిపించుకోదని మా అభిప్రాయం.

రమజాన్‌లో పరీక్ష పడితే చర్మంపై రాసే జెల్ వల్ల రోజా భంగం కాదు. అయితే ఆ జెల్‌ను పూర్తిగా తుడిచి కడుక్కున్న తరువాతే వుజూ చేయాలి. అది పూతలా నిలిచిపోతే నీరు చర్మానికి తగలదు. ఒక తువ్వాలు వెంట ఉంటే మంచిది. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకువెళ్లాలి.

అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక కాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పుడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారి పాదానికి పుండు పడి మానకపోయినా, వేలు నల్లబడినా అంతే. ఆలస్యమైతే వేలుతో పోయేది పాదం దాకా రావచ్చు.

నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్న కార్మికులకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది, వారిపై ఆధారపడిన కుటుంబీకులకు కూడా వైద్యం అందుతుంది. ముందు డిస్పెన్సరీలో చూపించుకుంటే, అవసరాన్నిబట్టి అక్కడి నుండి పెద్దాసుపత్రికి పంపుతారు. కార్డులో భార్య పేరు, తల్లిదండ్రుల పేర్లు నమోదై ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.