కానుక సంఘానిది, మాట అయ్యగారిది

ఆమడగూరు, కదిరి, ధర్మవరం చుట్టుపక్కల ఆదివారం ఆరాధనలో కూర్చునే మాల, మాదిగ విశ్వాసుల్లో ఎందరో కాగితాల మీద హిందువులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా తెచ్చిన తిప్పలివి. మొదట హిందువుకే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడినని రాయించుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సిలో పడతాడు, అక్కడ వాటా ఒక్క శాతం. బిడ్డ కాలేజీ సీటు కోసం హిందువునని పెట్టే సంతకం క్రీస్తును ఎరగనన్న పేతురు బొంకు లాంటిదా, రిమ్మోను గుడిలో వంగక తప్పని నయమాను అవస్థ లాంటిదా? నయమానును ఎలీషా ప్రవక్త తప్పు పట్టలేదు, నెమ్మదితో పొమ్మన్నాడు.

ఈ సీమలో దైవశాస్త్రం మొదలు కావలసింది ఇక్కడ. వేరుశనగ ఎండి బెంగళూరు బస్సెక్కే కూలీ ఇంట్లో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. ప్రసంగ పీఠం మాత్రం నోరు విప్పదు. దశమభాగం దగ్గరికొస్తే మలాకీ మూడో అధ్యాయం అయ్యగారికి కంఠతా వచ్చు!

పల్లె జనానికి వాక్యం తెలియదు, మేమే చెప్పాలి అంటారు కాపరులు. తెలుగు నేల మీద క్రీస్తు గురించి కొత్తగా ఆలోచించినది ఎవరు మరి? నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య లాయరు, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తి, కాపరి కాదు. 1938 డిసెంబరులో తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఇతర మతాల నుంచి క్రీస్తు దగ్గరికి వంతెన లేదని ఆ సభ కోసమే రాసిన పుస్తకంలో డచ్చి పండితుడు క్రేమర్ తేల్చారు. చెంచయ్య బృందం సభకు ముందే పుస్తకంతోనే జవాబిచ్చింది. క్రీస్తు ఒక సిద్ధాంతం కాదు, సృష్టిలోకి వచ్చిన కొత్త శక్తి; పడమటి సంఘ కట్టడిని మోయకుండానే ఆయన్ని అందుకోవచ్చు అన్నది చెంచయ్య వాదం. ఆసియా క్రైస్తవం నేటికీ విప్పుకోలేని ముడి అదే. ఆ మనిషి పేరు ఎంతమంది కాపరులకు తెలుసు?

అదే 1938లో అభిషేకం లేని బోధకుడు ముంగమూరి దేవదాసు రాజమండ్రిలో బైబిలు మిషను పెట్టారు. లూథరన్ సంఘంలో ఆయనకు చోటు లేకపోయింది. పురాణాలు చదివాడని క్రైస్తవ పెద్దలు కవి గుర్రం జాషువా మీద కన్నెర్ర చేశారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కే 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అనంతపురం జనం ఇప్పటికీ తలచుకునే విన్సెంట్ ఫెర్రర్ సైతం 1970లో జెస్యూట్ సభను వదిలిన గృహస్థుడే.

మరి సంఘం పెత్తనంలో సామాన్యుడి వాటా ఎంత? కతోలికుల చట్టం ప్రతి విచారణలో (పారిష్‌లో) ఆర్థిక మండలి ఉండి తీరాలంటుంది, పాస్టరల్ కౌన్సిల్‌కు మాత్రం సలహా హక్కే ఇస్తుంది. 2023లో రోములో స్త్రీలు సినడులో ఓటేశారు. ఇక్కడ మన విచారణల్లో మాత్రం లెక్కల పుస్తకం ఎంతమంది చూశారు? దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో సామాన్యులకు ఓటుంది. కానీ సినడు ఎన్నికల తగాదా మద్రాసు హైకోర్టుకెక్కింది. కుర్చీల కోసం కోర్టుకు పోగలిగినవారికి కుల ధ్రువీకరణ పత్రం గురించి ఒక ప్రసంగం రాసే తీరిక దొరకలేదు.

ఒక్క ఆదివారం ప్రసంగం ఆపి సంఘాన్ని మాట్లాడనివ్వండి. ఆ పూట అయ్యగారు చాప మీద కూర్చుని వినాలి, జవాబు తెలియకపోతే తెలియదనాలి.