అమ్మ ఇష్టమా? నాన్న ఇష్టమా?



మన గోదావరి సీమలో ఇంటికి వచ్చిన చుట్టం పసివాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: “నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?” వాడు అటొకసారి, ఇటొకసారి చూచి “ఇద్దరూ” అంటాడు. అందరూ నవ్వుతారు. అదే ప్రశ్న రాజమహేంద్రవరం కుటుంబ న్యాయస్థానంలో వినబడితే నవ్వేవారుండరు. అక్కడ “ఇద్దరూ” అన్న జవాబు చెల్లదు.

బిడ్డ ఎవరివద్ద పెరగాలన్న వ్యాజ్యంలో బిడ్డ మాటకు చట్టం చోటివ్వకపోలేదు. బుద్ధి తెలిసిన మైనరు ఇష్టాన్ని న్యాయస్థానం పరిశీలించవచ్చునని 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టం 17వ సెక్షను చెప్పింది. ‘పరిశీలించవలెను’ అనలేదు, ‘వచ్చును’ అన్నది. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఆ క్రియే ముందుగా నా కంటబడుతుంది. మనదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక మాత్రం, తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పడం బిడ్డ హక్కు అన్నది. వయస్సును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలన్నది.

ఇందుకు మన తెలుగువారి వ్యాజ్యమే ఒకటి నిదర్శనం. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను తండ్రి నారాయణయ్య 1910లో పత్రం వ్రాసి అనీబిసెంటుకు అప్పగించాడు. తరువాత మనస్సు మారి 1912లో దావా వేశాడు. పిల్లలను తండ్రికి అప్పగించమని 1913లో మద్రాసు హైకోర్టు తీర్పు. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నందున ఇక్కడి కోర్టుకు అధికారపరిధి లేదన్నది ఒక కారణం. వారి అభీష్టం తెలుసుకోనేలేదన్నది మరొకటి. తండ్రి, పెంపకందారు ఇద్దరూ వాదించుకుంటున్నారే గాని, పిల్లల పక్షాన మాట్లాడినవారు క్రింది కోర్టులో లేరు. ఆ కృష్ణమూర్తే 1929లో తనకోసం నెలకొల్పిన సంస్థను తానే రద్దు చేశాడు. అది తండ్రి కోరిన మాటా కాదు, పెంచినామె కోరిన మాటా కాదు.

2008లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆరేళ్ళ బాలునితో తమ ఛాంబరులో స్వయంగా మాట్లాడారు. తండ్రివద్దకు పోనని వాడు స్పష్టంగా చెప్పాడు. క్రింది కోర్టులు వాణ్ణి అడగకపోవడం తప్పని చెప్పి, అమ్మమ్మ తాతయ్యలవద్దనే ఉండనిచ్చారు.

“పిల్లలు నేర్పిన మాటలే చెబుతారు” అని పెద్దల ఆక్షేపణ. నిజమే, నేర్పుతారు. కాని బడిపంతులుకు ఆ తేడా తెలుసు. బట్టీపట్టిన పద్యం గడగడ అప్పజెప్పిన పిల్లవాడు, నడుమ ఆపి అర్థం అడిగితే తడబడతాడు. తన సంగతి తాను చెప్పేవాడు ఎక్కడ ఆపినా మళ్ళీ అందుకుంటాడు. నేర్పినారన్న భయం వినడం మానుటకు కారణం కారాదు; నిదానంగా వినుటకు కారణం కావాలి.

అసలు చిక్కు ప్రశ్నలోనే ఉన్నది. “ఎవరు కావాలి?” అంటే బిడ్డచేత ఒకరిని వదలుకోమనడమే. దానికి బదులు, పొద్దున్న ఎవరు లేపుతారు, జ్వరం వస్తే ఎవరు దగ్గర కూర్చుంటారు, దేనికి భయపడతావు, బడిలో స్నేహితులెవరు అని అడిగితే చాలు. తల్లిదండ్రులు, వకీళ్ళు లేనిచోట, ఒక్కనాటితో ముగించక అడగాలి. “నిర్ణయం నాది, నీది కాదు” అని ముందే చెప్పి ఆ బరువు దించాలి. బిడ్డ మాటను ఎంతవరకు లెక్కలోకి తీసుకొన్నదీ, కాదంటే ఎందుకు కాదన్నదీ తీర్పులో వ్రాయాలి. ‘వచ్చును’ అన్నచోట ‘వలెను’ రావాలని నా మనవి.

ఈ వృత్తిలోనున్న మిత్రులెవరైనా నా మాటలో లోపముంటే సవరించ ప్రార్థన.

స్వస్తి.